ఒక సహోదరుడు రాసిన వ్యాసం

లాలాగూడ,
మార్చి 4

బేగంపేటలోని ‘దక్కను సమాజ పరిశోధన’ పత్రిక సంపాదకులు శ్రీమతి కల్పలత గారికి,

ప్రభువు పేరిట వందనాలు. లాలాగూడ నుంచి సైలస్ ఎం.ఏ., ఎం.ఫిల్. రాస్తున్నాను. ఇక్కడ మేమంతా క్షేమం.

నేను చిలకలగూడలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఏళ్ళ పైగా సోషియాలజీ చెబుతున్నాను. ఈ కవరులో నా పరిశోధన వ్యాసం ఉంది. పేరు ‘కోత పండుగ వేలంపాటలో కోడి: ఒక సామాజిక పరిశీలన’. మా సంఘాల్లో కోత పండుగ నాడు విశ్వాసులు తెచ్చిన గుమ్మడికాయలు, కేకులు, కోళ్ళు వేలం వేస్తారు. ఒకాయన పట్టుదలగా కోడిని పాడుకుంటాడు. పాడుకున్న కోడిని మళ్ళీ సంఘానికే ఇచ్చేస్తాడు. దాన్ని మళ్ళీ వేలం వేస్తారు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఒక్క కోడి అరడజను కుటుంబాల పరువు నిలబెడుతుంది. దీని మీద ఇంతవరకు ఎవరూ కలం పెట్టలేదు. ఎలా పెడతారు? వాళ్ళంతా కోడిని పాడుకునే పనిలో ఉన్నారు.

దాపరికం లేకుండా చెబుతాను. మా హెచ్.ఓ.డి. జూన్‌లో రిటైరవుతున్నారు. ఆ కుర్చీకి నేనూ, నా జూనియర్ విజయేందరూ పోటీ. పేరున్న పత్రిక ఎవరి వ్యాసాన్ని ముందు ఒప్పుకుంటే కుర్చీ వాళ్ళదేనని ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు. విజయేందర్ ఇంకా టైటిల్ దగ్గరే ఆగిపోయాడు.

వ్యాసం తయారీ గురించి మీకు బెంగ అక్కర్లేదు. మా సంఘం శతజయంతి సావనీరు తెచ్చింది నేనే. ఇదీ ఆ పద్ధతిలోనే చేయించాను. అట్ట మీద నా కలర్ ఫోటో, లోపల పాస్టర్ గారి సందేశం, పేజీ పేజీకీ బంగారు అంచు, ఖాళీ దొరికిన చోటల్లా ద్రాక్షగుత్తి. అభినందన ప్రకటనలు కూడా సేకరించి పెట్టాను, మీకు శ్రమ తప్పుతుందని.

మీ శ్రేయోభిలాషి,
సైలస్

తా.క.: వెనక అట్ట మీది ప్రకటన పుష్పమ్మ బేకరీ వారిది. పుష్పమ్మ గారు నా భార్యకు సొంత అక్క. దాన్ని లోపలి పేజీకి మార్చారంటే నాకు ఇంట్లో అన్నం పుట్టదు. కేకు వేరే డబ్బాలో ఉంది.

*

బేగంపేట,
మార్చి 12

గౌరవనీయులైన సైలస్ గారికి,

నమస్కారం. మీ వ్యాసం అందింది. విషయం కొత్తది, నాకు నచ్చింది. కానీ మాది పరిశోధన పత్రిక, సావనీరు కాదు.

ఫోటో, సందేశం, అంచులు, ద్రాక్షగుత్తులు, ప్రకటనలు అన్నీ తీసేయాలి. తెల్ల కాగితం, ఒకే సైజు అక్షరాలు, పంక్తుల మధ్య తగినంత ఎడం ఉంటే చాలు. మొదట రెండు వందల మాటల్లో సారాంశం కావాలి. చివర మీరు చూసిన పుస్తకాల జాబితా అక్షరక్రమంలో రావాలి. కృతజ్ఞతలు యాభై మాటలు దాటకూడదు. మీవి మూడు పేజీలున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యం, వ్యాసంలో ఎక్కడా మీ పేరు కనిపించకూడదు. దాన్ని ఇద్దరు సమీక్షకులు పరీక్షిస్తారు. రాసిందెవరో వాళ్ళకు తెలియదు, పరీక్షించిందెవరో మీకు తెలియదు. ఈ గోప్యం మాకు ప్రాణం. మిగతా వివరాలు జతచేసిన నిబంధనల్లో ఉన్నాయి, తప్పక చదవండి.

ఇట్లు,
కల్పలత

తా.క.: కేకుకు మాత్రం సమీక్ష అవసరం పడలేదు, మా ఆఫీసు ఏకగ్రీవంగా ఆమోదించింది. అయినా ఇకమీదట పంపకండి.

*

లాలాగూడ,
మార్చి 20

సంపాదకురాలు కల్పలత గారికి,

వందనాలతో సైలస్. మీ ఉత్తరం ఎంత స్పష్టంగా ఉందంటే, జతచేసిన నిబంధనలు చదవాల్సిన పనే పడలేదు.

బంగారు అంచులు పోయాయి. ద్రాక్షలు పోయాయి. పాస్టర్ గారి సందేశం కూడా పోయింది, ఆయనకు ఇంకా చెప్పలేదు. కృతజ్ఞతల దగ్గర మాత్రం చాలా కష్టపడ్డాను. మా సంఘంలో వోట్ ఆఫ్ థాంక్స్ చెప్పేటప్పుడు షామియానా వేసినవాళ్ళ పేరు మరచిపోతే చాలు, క్రిస్మస్ దాకా పలకరింపులుండవు. యాభై మాటలు మా కొయిరులో పాడేవాళ్ళ పేర్లకే చాలవు. అందుకని ‘అందరికీ కృతజ్ఞతలు’ అని ఊరుకుని, ‘అది ముఖ్యంగా మీ గురించే’ అని ఇంటింటికీ వెళ్ళి విడివిడిగా చెప్పి వచ్చాను.

పేరు ఉండకూడదన్న మాట చదివి మనసు ఉప్పొంగింది. మా సంఘంలో గుప్త కానుక అని ఒకటుంది. కవరు మీద పేరు రాయకుండా పెట్టెలో వేస్తాం. పాస్టర్ గారు ‘ఒక సహోదరుడు, కృతజ్ఞత కానుక’ అని చదువుతారు. ఆ సహోదరుడు మూడో వరసలో కూర్చుని తనకేమీ తెలియనట్టు పైకప్పు చూస్తుంటాడు. మీ పత్రికలోనూ ఇంత భక్తి ఉందని నేను ఊహించలేదు.

కాబట్టి ఆ గోప్యాన్ని నేను సంపూర్ణంగా పాటిస్తాను. సవరించిన వ్యాసం పంపానో లేదో, పంపితే ఎవరి చేత పంపించానో మీక్కూడా చెప్పను. చెబితే ఇక గుప్తం ఎక్కడుంది? నేను టైపు చేయించే చోట ఒకావిడ ‘పేరు లేకుంటె రేపు ఎవలదని అడుగుతరు సార్?’ అంది. అడగకపోవడమే ఇందులోని గొప్పతనమమ్మా అన్నాను.

మీ శ్రేయోభిలాషి,
సైలస్

తా.క.: ఈ ఉత్తరం కింద సంతకం పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇది వ్యాసం కాదు కనుక పెట్టాను.

*

బేగంపేట,
ఏప్రిల్ 2

సైలస్ గారికి,

నమస్కారం. కాస్త గుండె దిటవు చేసుకుని చదవండి. మీ వ్యాసాన్ని ఎవరో దొంగిలించారు.

పోయిన వారం మాకు ఒక వ్యాసం వచ్చింది. రాసినవారి పేరు లేదు, చిరునామా లేదు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నకళ్ళను పట్టే కంప్యూటరు పరీక్ష పెట్టించాను. మీరు మొదట పంపిన వ్యాసంతో ఇంచుమించు పూర్తిగా కలిసిపోయింది. వాడి తెగింపు చూడండి! మీ మాట ఒక్కటీ వదల్లేదు, మీ పేరు మాత్రం ఏరి ఏరి తీసేశాడు. మీరేమో పాపం ఇంకా సవరణల్లోనే ఉన్నట్టున్నారు.

నేను ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఏ దొంగనూ వదల్లేదు, వీణ్ణీ వదలను. విచారణ సంఘం వేశాం. అది ముగిసేదాకా పంపినవారి వివరాలు మేమూ చూడకూడదు, బయటపెట్టకూడదు. మీకు ఎవరి మీదైనా అనుమానముందా? ఏ శిక్ష కోరుతున్నారు? వెంటనే రాయండి.

ఇట్లు,
కల్పలత

తా.క.: దొంగ అయితేనేం, ఫార్మాటింగ్ మచ్చలేకుండా చేశాడు. మీరు ఒకసారి చూసి నేర్చుకుంటే బాగుండేది. కానీ గోప్యం.

*

లాలాగూడ,
ఏప్రిల్ 6

కల్పలత గారికి,

వందనాలు. కోపంతోనే రాస్తున్నాను.

అనుమానం కాదండీ, నాకు ఖాయంగా తెలుసు. విజయేందర్! నేను టైపు చేయించే చోటికే అతనూ వస్తాడు. వ్యాసంలో పేరు తీయించిన రోజు నన్ను గుమ్మంలో చూసి ‘ఏం సార్, పేపర్ షురూ చేసిండ్రా?’ అని నవ్వాడు. ఆ నవ్వు అప్పుడే నాకు నచ్చలేదు. నిన్ననే ప్రిన్సిపాల్ గారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ఆయన దాన్ని విజయేందర్ చేతికిస్తే, మనిషి చదువుకుని తల దించుకున్నాడు కానీ ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు చేయనివాడు ఊరుకుంటాడా? స్టాఫ్‌రూమ్‌లో ఇప్పుడు అతని పక్కన ఎవరూ కూర్చోవడం లేదు.

శిక్ష అంటారా, ఐదేళ్ళు! ఆ మనిషి వ్యాసం ఐదేళ్ళపాటు మీ పత్రికలో అడుగు పెట్టకూడదు. దయ చూపకండి. కన్నీళ్ళు పెట్టుకున్నా కరగకండి.

నా అసలు వ్యాసం గురించి మాత్రం నాకు దిగులు లేదు. అది ఎక్కడుండాలో అక్కడ క్షేమంగా ఉంది. ఎలా తెలుసని అడక్కండి.

న్యాయం కోరుతూ,
సైలస్

తా.క.: వాడి ఫార్మాటింగ్ నాకన్నా బాగుందని రాశారు. దొంగతనాన్ని ఓర్చుకున్నాను కానీ ఆ మాట ఓర్చుకోలేకపోయాను.

*

బేగంపేట,
మే 14

సైలస్ గారికి,

నమస్కారం. జవాబు ఆలస్యమైంది, కారణం చదివితే మీకే తెలుస్తుంది.

విచారణ సంఘం కూర్చుంది. మీరు కోరినట్టే ఐదేళ్ళ నిషేధం ఖాయం చేసింది. ఆ తరువాత, ఎవరి మీద వేశామో చూద్దామని వివరాలు విప్పాం. వ్యాసం వచ్చింది చిలకలగూడలోని బాలమ్మ డీటీపీ సెంటర్ ఈమెయిలు నుంచి. ఆ ఈమెయిలులో పంపినవారి పేరు ఉండాల్సిన చోట ‘ఒక సహోదరుడు’ అని ఉంది. నేనే బాలమ్మ గారికి ఫోన్ చేశాను. ఆమె అంది కదా, ‘గా సైలస్ సారే గదా మేడమ్! పేరు పెట్టొద్దన్నడు. ఎందుకు సార్ అంటె గుప్తం అన్నడు. బిల్లు మీద సుత పేరు రాయనియ్యలే.’

అయ్యా, ఆ దొంగ మీరే.

పేరు, చిరునామా విడి కాగితం మీద రాసి జతచేయాలని మా నిబంధనల్లో మొట్టమొదటి వాక్యమే చెబుతుంది. అయినా తప్పంతా మీ మీద వేయను. గుప్త కానుక గురించి మీరు అంత వివరంగా రాసినా, దొంగ దొరికాడన్న సంబరంలో నాకు బుర్ర పనిచేయలేదు. నా జన్మలో ఇంత నమ్మకంగా ఎప్పుడూ పొరబడలేదు.

నిషేధం రద్దయింది. వ్యాసాన్ని సమీక్షకులకు పంపాం, ఇద్దరూ ఒప్పుకున్నారు. అంగీకార పత్రం మీ పూర్తి పేరుతో జతచేస్తున్నాను. విజయేందర్ గారి సంగతి మాత్రం మీరే చూసుకోవాలి. పాపం, ఆయన నెల రోజుల పైగా ఒంటరిగా కూర్చుంటున్నారు.

ఇట్లు,
కల్పలత

తా.క.: మీరు కోరిన శిక్ష మావాళ్ళకు బాగా నచ్చింది. ఇకమీదట పట్టుబడే దొంగలందరికీ అదే ఖరారు చేశారు.

*

లాలాగూడ,
మే 19

గౌరవనీయులైన కల్పలత గారికి,

వందనాలతో సైలస్. మీ ఉత్తరం చదివి ఆ పూట భోజనం చేయలేదు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. అంగీకార పత్రం చేతిలో ఉంది, కుర్చీ కళ్ళ ముందుంది, ఒక అమాయకుడేమో నా మూలంగా మూల కూర్చుని అన్నం డబ్బా విప్పుకుంటున్నాడు. నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఆ ఆలోచన కూడా వచ్చింది, కాదనను. రెండు రోజులు ఉంది. మూడో రోజు నాకు మొహం కడుక్కుంటుంటే అద్దంలో చూసుకోబుద్ధి కాలేదు.

ఆ పొద్దున్నే ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. కుర్చీ విజయేందర్‌కే ఇవ్వండన్నాను. ఆయనను వెంటబెట్టుకుని స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, అందరూ వింటుండగా ‘విజయేందర్, నువ్వు దొంగవు కావు, తప్పు నాది, క్షమించు’ అన్నాను.

అతను లేచి నిలబడ్డాడు. మొహం పాలిపోయింది.

‘మీరు మాఫీ అడగకుండ్రి సార్, నాకు సిగ్గయితుంది. నేను నిజంగనే తీసుకున్న’ అన్నాడు.

అందరూ అతని వైపు తిరిగారు.

‘బాలమ్మ షాపుల టేబుల్ మీద కాయితాలు పడి ఉండె. పేరు లేదు, అడ్రస్ లేదు. ఎవలో అక్కర్లేదని ఇడిచిపెట్టి పోయిండ్రనుకున్న. జూన్ దగ్గరికొచ్చింది, నాకు టైటిల్ సుత దొరకలే. పరేషాన్‌ల నా పేరు పెట్టి ఇంకో పత్రికకు పంపిన. మీదని నాకు తెల్వదు సార్. మీ ఫిర్యాదు సూడంగనే దొరికిపోయిన అనుకున్న, అందుకే నోరు రాలే’ అని ఏడ్చేశాడు.

చూశారా, నేను మొదటే చెప్పానా లేదా! ఖాయంగా తెలుసని రాశాను, మీరే నమ్మలేదు.

కానీ కల్పలత గారూ, ఐదేళ్ళ శిక్ష అడిగినవాణ్ణి, కరగవద్దని మీకు బుద్ధి చెప్పినవాణ్ణి, ఎదురుగా మనిషి ఏడుస్తుంటే ఐదు నిమిషాలు కూడా అడగలేకపోయాను. పేరు రాయకుండా వదిలేసింది నేను కదా. ఆ రెండో పత్రిక నుంచి వ్యాసం వెనక్కి తీసుకుంటే చాలని ప్రిన్సిపాల్ గారిని నేనే ఒప్పించాను. ఆయన మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, హెచ్.ఓ.డి. ఉత్తర్వు మీద నా పేరు రాశారు. జూన్ ఒకటిన కూర్చుంటాను. విజయేందర్ తరువాతి వ్యాసానికి టైటిల్ నేనే వెతికిపెడతానని మాటిచ్చాను.

కృతజ్ఞతతో,
మీ సైలస్

తా.క.: వెనక్కి తీసుకునే శ్రమ తప్పింది. నిన్న ఆ రెండో పత్రిక వాళ్ళే వ్యాసాన్ని తిప్పి పంపారు. ‘విషయంలో పస లేదు, రచయిత కోత పండుగను ఎన్నడూ చూసినట్టు లేదు’ అని వాళ్ళ సమీక్షకుడు రాశాడు. విజయేందర్‌ను నేను మనస్ఫూర్తిగా క్షమించాను. ఈ సమీక్షకుణ్ణి మాత్రం ఎంత ప్రార్థన చేసుకున్నా క్షమించలేకపోతున్నాను. ఆయన పేరు, చిరునామా ఎలాగైనా కనుక్కుని పంపగలరా? గోప్యమని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.