ముందు గదిలో చేపలున్నాయి

22 ఆగస్టు 1948, ఆదివారం

ఈ రోజు చర్చిలో అందరి ముందు లేచి నిలబడ్డాను.

ఆరాధన అయ్యాక డోరా దొరసాని అందరినీ కాసేపు ఆగమంది. ఆమె మా ఆవిడ కాంతమణి పాఠాలు చెప్పే బడికి పెద్ద. వచ్చే వారం ఇంగ్లండు వెళ్లిపోతోంది, మళ్లీ రాదు. కుర్చీలకు, బల్లలకు, పియానోకు ఎవరో ఒకరు దొరికారట. రెండు బంగారు చేపలకే దిక్కు లేదట. ఎవరైనా పెంచుతారా అని అడిగింది. అందరూ ఒక్కసారిగా కీర్తనల పుస్తకాల్లోకి తలలు వంచారు. నేను లేచాను. కాంతమణి నా కోటు పట్టుకుని కిందికి లాగింది. లేచినవాణ్ణి ఎలా కూర్చుంటాను?

మా ఆవిడకు నా మీద నమ్మకం తక్కువ. నేను మొదలుపెట్టి మానేసిన ఫిడేలు, పొద్దుటి నడక, హోమియోపతి... పాతవన్నీ మనసులో పెట్టుకుంటుంది.

మారేడ్‌పల్లిలో మా ఇంటి దాకా రిక్షాలో గాజు తొట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చాను. సగం నీళ్లు నా పంట్లాంలోకే పోయాయి. చేపలు క్షేమం.

తీర్మానం: ఈ చేపలను నేనే చూసుకుంటాను. మేత నేనే వేస్తాను. నీళ్లు నేనే మారుస్తాను. ఇంకొకరి చెయ్యి తొట్టికి తగలకూడదు. తొట్టి ముందు గదిలో, వచ్చినవాళ్లకు కనబడేచోట ఉంటుంది.

23 ఆగస్టు, సోమవారం

పేర్లు పెట్టాను. పెద్దది సొలొమోను. తోక అందంగా ఉన్నది షేబ.

వేలు గాజుకు ఆనిస్తే షేబ వచ్చి చూసింది. నన్ను గుర్తుపట్టింది! ఆఫీసులో ఆరేళ్లుగా హెడ్ క్లర్కుగా ఉన్నాను. మా మేనేజరు ఇప్పటికీ నన్ను ఇంకొకరి పేరుతో పిలుస్తాడు.

పొద్దున మేత వేశాను. మధ్యాహ్నం వాటి మొహాలు దిగాలుగా ఉంటే మళ్లీ వేశాను. సాయంత్రం కూడా. రోజుకు ఒక్కసారి, చిటికెడే వెయ్యాలని దొరసాని చెప్పిందని కాంతమణి గుర్తుచేసింది. అది ఇంగ్లీషువాళ్ల లెక్క. మన ఇంట్లో ఎవరూ చిటికెడు తిని బతకరు.

26 ఆగస్టు, గురువారం

తొట్టి నీళ్లు మజ్జిగలా అయ్యాయి. వాసన కూడా.

నీళ్లు మార్చాను. కుళాయి నుంచి ముందు గదికి బిందె మోయడం అంత తేలిక కాదని ఈ రోజే తెలిసింది. నడుము పట్టేసింది. పక్కింటి భద్రయ్య తల్లి విజయమ్మ గోడ అవతలి నుంచి అంతా చూసింది. భద్రయ్యకు కట్టెల అడితి ఉంది. మనిషి మంచివాడు. ఆ ముసలమ్మకే నోరు ఎక్కువ.

ఇవి కూరకు సుత పనికి రావా అని అడిగింది. రావన్నాను. నా వంక జాలిగా చూసింది.

31 ఆగస్టు, మంగళవారం

దొరసాని ఇచ్చిన మేత డబ్బా నిన్న అయిపోయింది. ఆమెకైతే నాలుగు నెలలు వచ్చేదట. బజారంతా తిరిగాను. ఇండియా నుంచి సరుకు రావడం లేదు, మనుషులకే ఉప్పు దొరకడం లేదు, చేపల మేత ఎక్కడిదని దుకాణందారు నవ్వాడు. రెండు రాజ్యాల తగవు మధ్య నా చేపలు పస్తు ఉండాలా?

రాత్రి ఇడ్లీ ముక్క వేశాను. సొలొమోను తిన్నాడు. షేబ కాసేపటికి పక్కకు ఒరిగిపోయింది.

ప్రార్థన చేసి పడుకున్నాను. తెల్లారేసరికి లేచి ఈదుతోంది! ప్రార్థన వల్లే. నీళ్లు మార్చింది తానని కాంతమణి అంటోంది. మార్చి ఉండవచ్చు. నా తీర్మానానికి భంగం కలగకుండా, నా తరఫున మార్చినట్టు లెక్క.

3 సెప్టెంబరు, శుక్రవారం

వీధిలో సగం ఇళ్లకు తాళాలు. కొందరు బెజవాడ వెళ్లారు, కొందరు షోలాపూరు. రజాకార్లు అల్వాల్ వైపు తిరుగుతున్నారని ఒకరు, ఇండియా సైన్యం వస్తోందని ఒకరు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఎందుకైనా మంచిదని నిజాం ప్రభువు పటం ఒకటి తెచ్చి ముందు గదిలో తొట్టి పైన తగిలించాను.

బందరులో ఉన్న తన అన్న ఇంటికి వెళ్దామని కాంతమణి అంది. చేపలను ఎవరు చూస్తారు అన్నాను. రైలు కుదుపులకు అవి తట్టుకోలేవని కూడా చెప్పాను.

ఆమె కూర తరుగుతూ, తల ఎత్తకుండా అంది.

"రైలెక్కాలంటే భయమైతున్నదని చెప్పండి. నాక్కూడ అయితున్నది. కాని చేపల మీద పెట్టకండి."

ఈ రోజు మేత వెయ్యడం మరిచిపోయాను. మనసు బాగాలేదు.

7 సెప్టెంబరు, మంగళవారం

భద్రయ్య వచ్చాడు. నిన్న అడితికి రజాకార్లు కొందరు వచ్చి చందా అడిగారట. ఇచ్చినా చాలదని, మళ్లీ ఇంటికి వస్తామని చెప్పి పోయారట. తనకేమైనా పరవాలేదు గాని, తల్లినీ భార్య పుష్పమ్మనూ కొన్నాళ్లు మా ఇంట్లో ఉంచుకోమని అడిగాడు. మా గుమ్మం మీద సిలువ ఉంది కాబట్టి ఇటు రారని అతని ఆశ.

ముందు గదిలో చేపలున్నాయని చెప్పాను. అవి చాలా సున్నితమైన ప్రాణులు. మనుషుల అలికిడి పడదు. మీ అమ్మగారి గొంతు అసలే పడదు. ఇవన్నీ మర్యాదగానే చెప్పాను.

భద్రయ్య తొట్టి వైపు చూశాడు. "మంచిది సార్" అని వెళ్లిపోయాడు.

నేను తప్పు చెయ్యలేదు. చేపలు పెంచేవాళ్లకు నా ఇబ్బంది అర్థమవుతుంది.

ఇది రాస్తుండగా ఇంకొకటి జరిగింది. కాంతమణి నాతో ఒక్క మాటైనా అనకుండా చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్లింది. చాపలతో, దుప్పట్లతో, విజయమ్మతో, పుష్పమ్మతో తిరిగి వచ్చింది. తొట్టి ఇప్పుడు వంటింటి అరలో, చింతపండు జాడీ పక్కన ఉంది. విజయమ్మ ముందు గదిలో గురక పెడుతోంది. నిజాం ప్రభువు పటం కిందే.

13 సెప్టెంబరు, సోమవారం

మొదలైంది. ఇండియా సైన్యం సరిహద్దు దాటిందని పొద్దున్నే పుకారు, మధ్యాహ్నానికి నిజం. ఆఫీసు మూసేశారు. విమానం ఒకటి ఇంటి మీదుగా పోయింది.

ఇది మంచం కింద కూర్చుని రాస్తున్నాను. కిటికీలకు దూరంగా ఉండాలని ఎవరో అన్నారు. ఆడవాళ్లు ముగ్గురూ వంటింట్లో జొన్నలు విసురుతూ ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. అపాయం వాళ్లకు అర్థం కాదు.

చేపలకు మేత వెయ్యలేదు. నిన్న కూడా వెయ్యలేదు. యుద్ధకాలంలో అందరూ కొంత త్యాగం చెయ్యాలి.

15 సెప్టెంబరు, బుధవారం

సొలొమోను చనిపోయాడు. తెల్లగా, పొట్ట పైకి పెట్టి తేలుతున్నాడు.

విమానాల మోతకే అని నా అభిప్రాయం. కాంతమణి తొట్టి ఎత్తి వెలుతురులో నా మొహం ముందు పట్టుకుంది. ఆ నీళ్లలోంచి ఆమె మొహం కనిపించలేదు. వారం రోజులుగా మార్చలేదట. తాను మార్చబోతే, ఇంకొకరి చెయ్యి తగలకూడదని నేనే అరిచానట. మంచం కిందినుంచి అరిచానట.

పెరట్లో పాతిపెట్టాం. విజయమ్మ వచ్చి నిలబడింది. ఉపాసం పెట్టి చంపుడు కంటే కూర వండుకునుడే నయం కదా అంది. నిజానికి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేలు చూపిస్తే వచ్చేవాడు పాపం. షేబ అంత తెలివి లేదు గాని, వచ్చేవాడు.

షేబను ఇప్పుడు పుష్పమ్మ చూస్తోంది. నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

18 సెప్టెంబరు, శనివారం

అయిపోయింది! నిన్న సాయంత్రం రేడియోలో లొంగుబాటు. ఈ రోజు సైన్యం సికింద్రాబాదులోకి వచ్చింది. వీధులన్నీ జనం. నేనూ వెళ్లాను. ఒక పూలదండ సంపాదించాను. ట్యాంకు మీదికి విసిరితే పక్కనున్న గుర్రబ్బండి మీద పడింది. అయినా గొంతు పోయేదాకా జై కొట్టాను. మొన్నటిదాకా ఎర్ర టోపీ లేకుండా కనిపించని మా మేనేజరు ఖద్దరు టోపీలో ఎదురయ్యాడు. ఇద్దరం ఒకరినొకరు చూడనట్టే పోయాం.

ఇంటికి రాగానే నిజాం ప్రభువు పటం దించేశాను. ఆ చోట ఏ పటం పెట్టాలో ఇంకా తెలియడం లేదు. మేకు అలాగే ఉంచాను.

సాయంత్రం వీధిలో నలుగురు చేరితే, ప్రాణాలకు తెగించి హిందూ కుటుంబానికి నా ఇంట్లో ఆశ్రయం ఇచ్చానని చెప్పాను. అందుకోసం నా సొంత చేపను పోగొట్టుకున్నానని కూడా చెప్పాను. అందరూ చలించిపోయారు. భద్రయ్య అక్కడే ఉన్నాడు. నేలవంక చూస్తూ నిలబడ్డాడు, మంచివాడు.

20 సెప్టెంబరు, సోమవారం

భద్రయ్యవాళ్లు తమ ఇంటికి వెళ్లిపోయారు. షేబ మళ్లీ ముందు గదికి వచ్చింది. తీర్మానం మళ్లీ మొదలు. చిటికెడు మేత. తేటనీళ్లు. మనసు కుదుటపడింది.

మధ్యాహ్నం కరామత్ సాహెబ్ వచ్చాడు. వీధి చివర ఉండే దర్జీ. చర్చికి వేసుకునే నా కోటు ఆయన కుట్టిందే. గుమ్మంలోనే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. జిల్లాల నుంచి ఘోరమైన వార్తలు వస్తున్నాయట. నిన్న ఎవరో ఆయన దుకాణం తలుపు మీద రాళ్లు వేశారట. చందాలు వసూలు చేసినవాళ్లు ఎప్పుడో పారిపోయారు. కుట్టుమిషను ఉన్నవాడు ఎక్కడికి పోతాడు?

"నా సంగతి కాదు జకర్యా సాబ్" అన్నాడు. "బీవీ ఉన్నది, బిడ్డ సకీనా ఉన్నది. జెర నాలుగు దినాలు."

ముందు గదిలో చేప ఉందని చెప్పాను. జత పోయి దిగులుతో ఉందని, ఒంటరితనం అవసరమని చెప్పాను.

ఆయన తల ఊపాడు. భద్రయ్య చూసినట్టే తొట్టి వైపు చూశాడు.

ఆయన వెళ్లాక కాంతమణి లోపలి నుంచి వచ్చింది. "గదిలో చేప ఉన్నదని కదా అడ్డం" అంది. "రేపు చేప ఉండొద్దు. ఏం చేస్తరో చేయండి."

21 సెప్టెంబరు, మంగళవారం

పెరటి గోడ దగ్గర భద్రయ్య సలహా అడిగాను. అతను మొహం గంటు పెట్టుకున్నాడు. నిన్నటిదాకా మనల్ని భయపెట్టినోళ్లకు ఇల్లు ఇస్తారా అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. చూశావా, భద్రయ్య కూడా అంటున్నాడు అని చెప్పడానికి కాంతమణి వైపు తిరిగాను.

గోడ అవతల చేటలో బియ్యం చెరుగుతున్న విజయమ్మ చెయ్యి ఆపింది.

"భయపెట్టినోడు వేరు, భయపడెటోడు వేరు బిడ్డా" అంది కొడుకుతో. "పదిహేనొద్దుల కింద గీ గుమ్మం ముంగట నువ్వెట్ల నిలబడ్డవో మరిచినవా? ఆ దర్జీ గట్లనే నిలబడ్డడు. నేను పండుకున్న జాగల ఆ పిల్ల పండుకుంటది. నా చాప గూడ ఆడనే ఉన్నది, అదే పరుచుకొమ్మను."

భద్రయ్య చాలాసేపు గోడ పెచ్చులు గోటితో గిల్లాడు. తర్వాత, వాళ్ల సామాను తేవడానికి తన బండి పంపుతానన్నాడు.

ఇక మిగిలింది నేను, షేబ.

ఆలోచించాను. అందరికీ విముక్తి వచ్చినప్పుడు చేపకు మాత్రం ఎందుకు రాకూడదు? కూజాలో షేబను పెట్టుకుని సైకిల్ మీద కాప్రా చెరువుకు వెళ్లాను. గట్టు మీద నిలబడి నాలుగు మాటలు కూడా చెప్పాను. స్వేచ్ఛగా బతకమన్నాను. నీళ్లలోకి వంచాను. షేబ ఒక్క క్షణం ఆగింది, ఎండలో బంగారంలా మెరిసింది. ఆ మెరుపు నాకంటే ముందు కొంగ చూసింది.

గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఇడ్లీ పెట్టి ఒకదాన్ని, మేత పెట్టక ఒకదాన్ని, స్వేచ్ఛ ఇచ్చి మరొకదాన్ని చంపానని లెక్క వెయ్యబోయాను. చేపలు రెండే కదా, లెక్క కుదరలేదు.

ఇంటికి వచ్చేసరికి ముందు గదిలో చాప పరిచి ఉంది. కరామత్ సాహెబ్ భార్య మూలన ముడుచుకుని కూర్చుంది. సకీనా అనే పదిహేనేళ్ల పిల్ల గోడకున్న ఖాళీ మేకు వైపు చూస్తోంది. చేప ఏమైందని కాంతమణి అడిగింది. హాయిగా ఈదుకుంటూ వెళ్లిందని చెప్పాను.

మా కోసం మీ చేపను వదులుకున్నారా అని ఆ తల్లి కళ్లు తుడుచుకుంది. పరవాలేదన్నాను. ఆ మాట అన్నాక అక్కడ నిలబడలేకపోయాను.

3 అక్టోబరు, ఆదివారం

వీధి కొంచెం కుదుటపడింది. కరామత్ సాహెబ్ దుకాణం తెరిచాడు. ఆడవాళ్లు ఇంకా మా ఇంట్లోనే ఉన్నారు. పొమ్మని ఎవరూ అనలేదు. ఈ రోజు చర్చిలో పాస్టరు అయ్యగారు అతిథి సత్కారం మీద సాక్ష్యం చెప్పమని నన్ను పిలిచారు. కాంతమణి కోటు లాగలేదు. లాగుతుందేమోనని కాసేపు ఆగాను. తర్వాత నేనే, గొంతు బాగాలేదని చెప్పి కూర్చున్నాను.

ఇంటికి వచ్చేసరికి కరామత్ సాహెబ్ ఒక ఇత్తడి గుండిగతో ఎదురుచూస్తున్నాడు. ఆయన షేర్వానీలు కుట్టే ఒక నవాబుగారు కుటుంబంతో కరాచీ పోతున్నారట. తోటలోని నీళ్ల హౌజు ఎండగడుతున్నారట. గుండిగలో మూడు బంగారు చేపలు. నా రుణం తీరదని, ఇవైనా తీసుకోమని చేతులు పట్టుకున్నాడు.

తొట్టి ఎక్కడ పెట్టాలని కాంతమణిని అడిగాను. ముందు గదిలో మనుషులున్నారు, మీ మంచం పక్కన పెట్టుకోండి అంది. పెట్టుకున్నాను.

తీర్మానం: ఈసారి క్రమం తప్పను. మేత నేనే. నీళ్లు నేనే. ఇంకొకరి చెయ్యి తొట్టికి తగలకూడదు.

రేపు పొద్దుటి నుంచి. ఈ రోజు ఆదివారం, అలిసిపోయాను. ఎంత వెయ్యాలని సకీనా వచ్చి అడిగింది. చిటికెడే అని చెప్పాను. వేసింది. నీళ్లు తేటగా ఉన్నాయి.