నా గొంతు పిలిస్తే పలకకు

చౌటుప్పల్,
ఆదివారం పొద్దున.

అక్కకు,

నీ చెల్లె రేణుక దండం పెట్టి రాసేది. నేను ఇక్కడ బాగనే ఉన్న. అక్కడ మీరందరు సల్లగ ఉన్నరని అనుకుంటున్న. బాపు మోకాలి నొప్పి ఎట్లుంది? అచ్చంపేట దవాఖానల ఇచ్చిన గోలీలు వేసుకుంటుండా, లేక సంచిల అట్లనే పెట్టిండా? అమ్మ పత్తి ఏరనీకి పోతాందా? నల్ల మేక ఈనిందా?

నువ్వు చదివేటట్టు అక్షరాలు పెద్దగ రాస్తున్న. నేను బడి నుంచి వచ్చి పలక మీద నీతోని దిద్దించిన అక్షరాలే ఇవి. మెల్లగ చదువు. చదివినంక బాపుకు వినిపించు. చేతిల ఫోన్ ఉండంగ ఈ ఉత్తరం ఏందని నవ్వుతవ్. కారణం ఉంది. వరుసగ చెప్త.

నా గది మేడ మీద, రేకుల కింద. కిరాయి నాకు అందేటట్టే ఉంది. చలి మొదలైంది. సాయంత్రం మందుల ఫ్యాక్టరీల దిక్కు నుంచి గాలి తిరిగితే నాలుక మీద చేదు గోలీ పెట్టుకున్నట్టు ఉంటది, కిటికీ మూసేస్త. రెండు పూటలు వండుకుంటున్న, మంచిగ తింటున్న. నువ్వు పంపిన మామిడికాయ తొక్కు అడుగుకు వచ్చింది. మాట్లాడేటందుకు మాత్రం ఎవ్వరు లేరు. కింద ఇంటామె అత్త ఉన్నది, కండ్లు కనవడని ముసలవ్వ. మెట్ల మీద నా అడుగు విని "తిన్నవా బిడ్డా" అంటది. ఆ ఒక్క మాటతోని పొద్దు పోతుండె.

నా పని మీకు సక్కగ చెప్పనే లేదు. శీనన్న అనేటాయన మైకుల దుకాణంల నా గొంతు రికార్డు చేస్తుండ్రి. కూరగాయల బండ్లు, ప్లాట్ల అమ్మకం, బళ్లల అడ్మిషన్లు, ఏదైన సరే, నేను ఒక్కసారి చదువుతుంటి. ఆటోల మీద మైకు పెట్టి గల్లీ గల్లీ తిప్పుతరు. మొదట్ల సంబురమే. పాలకు పోతే నా మొఖం చూడకుండనే "టమాటల అమ్మాయి వచ్చింది" అంటుండ్రి. నేను పోని గల్లీలల్ల గూడ నా గొంతు తిరుగుతుండె.

నేను ఈడ ఆగింది పీహెచ్‌డీ కోసమని మీకు ఎరుకే. జర్నలిజంల ఎమ్మే అయినంక ఇంకా చదువుడేందని పెద్దమ్మ అన్నది గదా. నాకు రెండు తొవ్వలు కనవడ్డయి. ఒకటి హైదరాబాద్‌ల సర్కారు యూనివర్సిటీ. ఫీజు తక్కువ, పరీక్ష పాసైన, కాని ఇంటర్వ్యూ ఉంటది, ఏ సంగతి మీద చదువుతవో చెప్పాలె, గైడు ఒప్పుకోవాలె, స్కాలర్‌షిప్ వస్తదన్న భరోసా లేదు. రెండోది ఈ హైవే మీద కొత్తగ తెరిచిన ప్రైవేటు సంస్థ. పని చేసుకుంటనే చదవొచ్చు, రోజు పోయే పని లేదు, ఫీజు జర జర కట్టొచ్చు. థీసిస్ గురించి ఫికర్ వద్దు, అంత వాళ్లే చూసుకుంటరట. అప్పుడే అనుమానం రావాలె. రాలేదు. ఎందుకంటే ఆ సంస్థ ప్రచారం చదివింది నేనే. "ఇంటి దగ్గరే ఉండి డాక్టరేట్ చెయ్యండి, తక్కువ ఫీజు, కొన్ని సీట్లే." రోజుకు ఎన్నిసార్లు నా గొంతే నాకు చెప్పిందో. వినంగ వినంగ నమ్మిన.

ఆ మధ్య నాకు జ్వరం వచ్చింది. ఇప్పుడు తగ్గింది, అమ్మకు చెప్పకు. గొంతు కట్టుకపోయి మాట రాకుంటయింది. మధ్యాహ్నం ఎండ పూట గదిల పండుకున్న. కింద నుంచి అవ్వ పిలిచింది.

"ఓ బిడ్డా, ఎవరు పోయిండ్రే?"

గోడ పట్టుకొని మెట్ల దాక వచ్చిన. ఏమైంది అని చేతితోని తలుపు కొట్టి అడిగిన.

అవ్వ మెడ పైకెత్తింది. "నువ్వు పైనుంటే మరి ఆడ ఒర్రుతున్నదెవ్వరు?"

అప్పుడు వినవడ్డది. గల్లీ చివర ఆటో మెల్లగ పోతాంది. నా గొంతు ఒక పెద్దాయన పేరు చెప్పి, ఆయన కాలం చేసిండని, మూడు గంటలకు అంతిమయాత్ర అని చెప్తాంది. మంచిగ, తొందర లేకుండ, మధ్యల నా తీరుగనే జర ఆగుకుంట. అక్కా, ఆ మాటలు నేను ఎన్నడు చదవలే. నా నోట్ల నుంచి గాలి తప్ప ఏం వస్తలేదు. అది మాత్రం గల్లీ మలుపు తిరిగి దూరం పోయేదాక చెప్తనే ఉంది.

జర గొంతు వచ్చినంక పోయి శీనన్నను అడిగిన. ఆయన నవ్విండు. "నీ గొంతు కంప్యూటర్‌కు నేర్పిచ్చిన. నీకు జ్వరమొస్తది, దానికి రాదు."

"నన్ను ఒక్క మాట అడగాలె గదన్నా."

"జీతం ఇస్తనే ఉన్న గదమ్మా. పని చెయ్యకుండ జీతమొస్తే ఎవరన్న ఏడుస్తరా?"

ఆ వారమే సర్టిఫికెట్లు సంచిల పెట్టుకొని పీహెచ్‌డీల చేరనీకి ఆ ప్రైవేటు సంస్థకు పోయిన. బస్సు దిగినంక ప్లాట్ల నడుమ నుంచి నడవాలె. హద్దు రాళ్లు వరుసగ, మీద పసుపు రంగు, పెద్ద కమాను, ఇల్లు మాత్రం ఒక్కటి లేదు. కుక్క గూడ లేదు. లోపల కొత్త అద్దాల భవనం. గదులల్ల లైట్లు వెలుగుతున్నయి, కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలే. నేను గడప దాటంగనే పైనున్న మైకుల నుంచి నా గొంతు "రండి, కూర్చోండి, మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కౌంటర్ల ఇవ్వండి" అన్నది.

నేను కూర్చున్న అక్కా. నా గొంతు చెప్తే నేనే కూర్చున్న.

పక్కన నకిరేకల్ పిల్ల ఒకామె ఉన్నది, పేరు సంధ్య. మాట కలపనీకి నేను నోరు తెరిచి "ఎప్పుడొచ్చినవ్ చెల్లె" అన్నదే ఆలస్యం, ఆ పిల్ల నా చెయ్యి పట్టుకున్నది.

"అక్కా, నువ్వేనా? రోజు ఫోన్ చేసేది నువ్వే గదా! మొన్న తిన్నవా అని గూడ అడిగినవ్. మా అమ్మ గూడ గంత మంచిగ అడగది."

నేను ఆ పిల్లను ఎన్నడు చూడలే, ఎన్నడు ఫోన్ చెయ్యలే.

కౌంటర్ల ఉన్నాయన నా పేరు అడిగి రిజిస్టర్ తీసిండు. నా పేరు ముందే ఉంది. మూడు నెలల హాజరు, రోజుకో సంతకం, నా సంతకమే కాని జర వంకర. "మీరు ఫోన్ల ఒప్పుకున్నరు గదా మేడమ్" అని తన ఫోన్ తీసి వినిపించిండు. "సరే సార్, చేరుత" అంటాంది నా గొంతు. ఆ మాటల సంతోషం గూడ ఉంది. నేను ఎన్నేండ్ల సంది చెప్పాలనుకున్న మాట, నా కంటే ముందు అది చెప్పింది.

నా సంచి గట్టిగ పట్టుకొని లేచిన. సంధ్య సర్టిఫికెట్లు అప్పటికే లోపల పెట్టుకున్నరు. ఫోన్ చేసింది నేను కాదు, ఇది మోసమని చెవుల చెప్పంగనే ఆ పిల్ల లేచి, "నా కాయిదాలు నాకియ్యుండ్రి, లేకుంటే గీ కవర్ల కుర్చీలల్ల మా అమ్మ వచ్చేదాక కూసుంట, ఆమె నోటికి మీ మైకులు ఆగవు" అన్నది. ఇచ్చిండ్రు. బయటికి వచ్చినంక ఇద్దరం నవ్వినం, కాని వెనకకు తిరిగి చూడలే.

సంధ్య దగ్గర ఇంక ముగ్గురు పిల్లల నంబర్లు ఉన్నయి. నా గొంతు పిలిస్తేనే వాళ్లు గూడ పేర్లు ఇచ్చిండ్రు. ఒకామెకు ఫోన్ చేసి చేరకు అని చెప్పిన. "అక్కా, పొద్దున చేరమన్నవ్. ఇప్పుడు వద్దంటున్నవ్. ఏది నువ్వు?" అన్నది.

ఏం చెప్పినా ఆ గొంతుతోనే గదా చెప్పాలె.

అప్పుడు బాపు యాదికొచ్చిండు. నీకు యాదికుందా, ఊళ్లె రేపు బియ్యం ఇస్తరని పెద్దమనుషులు చెప్తే బాపు డప్పు కొట్టి చాటింపు వేసిండు. జనం కూలి ఇడిసిపెట్టి పొద్దంత నిలవడ్డరు. బియ్యం రాలేదు. చెప్పమన్నోళ్లు ఊకున్నరు. బాపు ఊకోలే. డప్పు భుజానికి ఏసుకొని, కొట్టకుండ, చాటింపు ఎక్కడ ఆపిండో ఆ చివరి ఇంటి కాడికెళ్లి మొదలుపెట్టి మొదటి ఇంటి దాక ఎనకకు నడిచిండు. ఒక్కొక్క గడప ముందట నిలవడి, "నిన్నటి మాట వాపస్ తీసుకుంటున్న" అన్నడు. ఆయన ఎనక నేను నడిచిన. చప్పుడు లేని డప్పును చూసి ఊరంత బయటికి వచ్చింది. మాట వాపస్ తీసేటప్పుడు డప్పు కొట్టొద్దు, మనిషి మొఖం చూసి చెప్పాలె అని ఆ రోజు నాకు చెప్పిండు.

నేను గూడ అట్లనే చేసిన. ఆఖరుకు పేరిచ్చిన పిల్ల ఇంటితోని మొదలుపెట్టి, బస్సులు మారుకుంట ముగ్గురి ఇండ్లకు పోయిన. ఒక పిల్ల నాయిన "ఫోన్ల చెప్తే అయిపోతుండె గద బిడ్డా, ఇంత దూరం ఎందుకు?" అన్నడు. "ఫోన్ల చెప్తే నేను చెప్పినట్టు కాదు కాకా" అన్న. ఆయన కుర్చీ వేసిండు. ఎవ్వరు చేరలేదు.

ఆ సంస్థకు నా గొంతు ఇచ్చింది శీనన్ననే, ఆయన దగ్గర పని ఇడిసిపెట్టిన. గొంతు తీసెయ్యమంటే "గొంతు నీది, రికార్డు నాది" అన్నడు. ఇప్పుడు ప్రింటింగ్ ప్రెస్సుల ప్రూఫులు దిద్దుతున్న. మాట్లాడే పని లేదు, బాగనే ఉంది.

ఆటోల ఒర్రేది నేను కాదని అవ్వకు గూడ మొఖం చూసి చెప్పాలె గదా. ఆమెకేమో కండ్లు కనవడయి. దగ్గరకు రమ్మని, నా గొంతు మీద రెండు వేళ్లు పెట్టి, "ఇప్పుడు మాట్లాడు" అన్నది. మాట్లాడిన. వేళ్ల కింద గొంతు కదిలింది. "ఆఁ, ఇది నువ్వే" అన్నది.

ఇంక అసలు సంగతి. హైదరాబాద్‌ల ఇంటర్వ్యూ అయింది. ఏ సంగతి మీద చదువుతవని ఒక మేడమ్ అడిగింది. నేర్చుకొని పోయిన జవాబులు ఏవి రాలేదు. చప్పుడు లేని డప్పు గురించి చెప్పిన. ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇది ఎక్కడన్న రాసి ఉందా?" అన్నది. "లేదు మేడమ్, మా బాపు దగ్గర ఉంది" అన్న. సీటు ఇస్తరట. నెలాఖరు లోపల ఆ సంగతి రాసి ఇయ్యాలె.

నేను ఊరు ఇడిసేటప్పుడు బాపు ఏమన్నడో నీకు ఎరుకే. ఎవరన్న అడిగితే కూలి పనని చెప్పు, చాటింపు సంగతి ఎత్తకు, నిన్ను తక్కువ చేస్తరు అన్నడు. నేను ఆ మాట తప్పిన. బాపును అడుగు అక్కా. ఆయన సరే అంటేనే రాస్త. వద్దంటే సీటు పోయినా ఫికర్ లేదు, నేను పోయి మేడమ్ ముందట నిలవడి నా మాట వాపస్ తీసుకుంట. ఎట్ల తీసుకోవాలో ఆయనే నేర్పిండు గదా.

జవాబు ఫోన్ల చెప్పకు. నీ చేతితోని రాసి పంపు, తప్పులున్నా పరవాలే. నా గొంతు ఫోన్ చేసి సర్టిఫికెట్లు గాని, పైసలు గాని, ఏది అడిగినా ఇయ్యకు. తిన్నవా అని అడిగినా పలకకు. బాపుకు, అమ్మకు గూడ చెప్పు. నేను వచ్చినప్పుడు గడప కాడ నిలవడి పిలుస్త, అప్పుడు పలుకు.

బాపుకు, అమ్మకు నా దండాలు. బావను అడిగినట్టు చెప్పు. పెద్దమ్మ కోపం పోయి ఉంటే ఆమె దీవెన గూడ నాకు కావాలె. వీలైతే తొక్కు సీసా పంపు, మూత గట్టిగ పెట్టు.

మీ చల్లని చూపు కోరుకునే
నీ చెల్లె,
రేణుక

ఇంకొకటి. పేరు రాసి కలం పెట్టంగనే కింది నుంచి ఆటో పోయింది. ఈసారి దేని గురించో తెల్వలే, మాటలు సక్కగ వినరాలే, గొంతు మాత్రం నాదే. నేను రెండు వేళ్లు గొంతు మీద పెట్టుకొని కూర్చున్న. అది మలుపు దాటి పోయేదాక నా వేళ్ల కింద ఏం కదలలే.