నర్సింలు తువ్వాల ముడి

మంగళవారం

ఇందుమూలంగా మెదక్ పట్టణ ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, ఈ రోజు నుంచి నేను ఎవరి చెప్పులూ దాచను, ఎవరి తువ్వాలా గుంజను.

నర్సింలు మా రైస్ మిల్లులో ఇరవై ఏళ్లుగా బస్తాలు మోస్తున్నాడు. నడుముకు తువ్వాల బిగించందే బస్తా ముట్టడు. మొన్న అతను బస్తా వీపుకెత్తుకునే వేళకు, నా చేతి దురద ఆగక, వెనక నుంచి ఆ ముడి గుంజాను. నలుగురూ నవ్వారు. మరుక్షణం అతను బస్తా కింద ఉన్నాడు.

ఈ రోజు దవాఖానకు పోయాను. "తువ్వాలనే గద మేడమ్, దాంట్ల గంత బలం ఉంటదా?" అని ఫిజియోథెరపీ మేడమ్‌ని అడిగాను.

"బలం కాదు, ఖబర్," అంది. "ఎంత వంగినమో నడుము తోలు, కండలు మెదడుకు కబురు చెప్తయి. దాన్ని బట్టే వెన్ను నిలుస్తది. ఇరవై ఏండ్లు ఆ బిగుతుకు అలవాటైన నడుమాయె. బరువు మీద ఉండంగ ఊడగొడితే తడబడదా? ఇప్పుడు నొప్పితోని ఆ ఖబర్ ఇంకా తప్పొస్తుంది. నిలబెడితే వంకరగ నిలబడి, సక్కగనే ఉన్న అంటుండు."

మళ్లీ బస్తా ఎత్తుతాడా అంటే, చెప్పలేనంది.

మంచం దగ్గరికి పోతే నర్సింలు నవ్వి, "నువ్వు మారవురా" అన్నాడు. నాకు కొంచెం ఊపిరాడింది.

ఆ నవ్వు నేను కల్పించి రాసింది. ఆ మాటా అతను అనలేదు. నన్ను చూసి గోడవైపు తిరగబోయాడు. నడుము తిరగనివ్వలేదు.