ఏడో బొమ్మ

చెన్నై,
జూన్ 9

ప్రియమైన బావకు,

ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు మాట రాదు. నీకూ అంతే. అందుకే కాగితం తీసుకున్నాను.

మన కాము పోయాక ఆ ఇంట్లో ఉండలేక వచ్చేశానే గానీ నీ మీద కోపంతో కాదు. అక్కావాళ్ళు బాగా చూసుకుంటున్నారు. ఒక ఫోటో ల్యాబ్‌లో పనికి కుదిరాను. ఇంకా ఫిల్ముతో తీసే నీలాంటి పిచ్చివాళ్ళు ఈ ఊళ్ళో చాలామందే ఉన్నారు. వాళ్ళ రీళ్ళు కడుగుతుంటే మన స్టూడియో వెనక చీకటి చేసుకుని ఫిల్ము కడిగే బాత్రూం గుర్తొస్తుంది. కాము తలుపవతల నిలబడి, "అమ్మా, బొమ్మలు పుట్టినాయా?" అని అడిగేది కదా.

మామయ్య కెమెరాలో సగమైన రీలు ఉంది. జ్వరం రాకముందు ఆదివారం కోడూరు బీచిలో తీశావు చూడు, అది. సెల్‌ఫోన్‌లో ఉన్నవన్నీ చూసి చూసి కంఠస్థం వచ్చేశాయి. నేను చూడని కాము ఇక ఆ రీల్లోనే ఉంది. పంపించు. నేనే కడుగుతాను.

నీ బిందు

---

తోటపల్లి గూడూరు,
జూన్ 20

ప్రియమైన బిందూ,

పాస్‌పోర్టు సైజు ఫోటోలకు జనం వస్తున్నారు. డిజిటల్ కెమెరాతో టకటకా తీసి పంపేస్తున్నాను. సాయంత్రమైతే నాయన కెమెరా మెడలో వేసుకుని బీచికి పోతున్నాను.

దాని సంగతి నీకు తెలుసుగా. తల వంచితేగాని ఏమీ కనపడదు. పైన గాజులో కుడి ఎడమవుతుంది. కాము అటు పరిగెత్తితే నేను కెమెరా ఇటు తిప్పేవాణ్ణి. అది పడీ పడీ నవ్వి, "నాయనా, నీ పెట్టెకి బుద్ధి లేదు" అనేది.

మస్తాన్ అన్న పాత పడవ ఇంకా ఒడ్డునే పడి ఉంది, నల్లగా తారు పూసిన పడవ. ఆ రోజు ఏడో బొమ్మ దాని ముందు నిలబెట్టి తీశాను. తెల్లగౌను వేసుకుంది. రోజూ అక్కడికే పోయి, గాజులోకి చూసి, ఒకసారి నొక్కి వస్తున్నాను. ఆ టిక్కుమనే చప్పుడు వింటేగాని నిద్ర పట్టడం లేదు.

రీలు ఇంకా అవలేదు. పన్నెండు బొమ్మలూ అయ్యాక పంపుతాను. వేళకు తిను.

నీ నరేంద్ర

---

చెన్నై,
జూలై 14

ప్రియమైన బావకు,

రోజూ నొక్కుతున్నానని నువ్వే రాశావు. అప్పటికే ఏడు అయ్యాయి, మిగిలింది అయిదు. ఇన్నాళ్ళకీ అవకపోవడమేమిటి? నాకు లెక్కలు రావనుకున్నావా?

నువ్వు బొమ్మ తీశావు, నేను కన్నాను బావా. ఆ మొహం నాకు కావాలి. నువ్వు పంపకపోతే నేనే వచ్చి కెమెరా తెరుస్తాను. వెలుగు తగిలి పాడైనా సరే.

బిందు

---

తోటపల్లి గూడూరు,
జూలై 27

ప్రియమైన బిందూ,

రీలు పంపుతున్నాను. మస్తాన్ అన్న పడవను కట్టెలకు అమ్మేశాడు. నిన్న నేను పోయేసరికి ఇసుకలో దాని గుంట ఒక్కటే ఉంది. "పాతది గదా నరేంద్రా, ఇంకెన్నాళ్ళు పెట్టుకునేది" అన్నాడు.

నీకు చెప్పనిది ఒకటుంది. కెమెరా వెనక ఎన్నో బొమ్మో చూపించే ఎర్ర కిటికీలో ఏడు అంకె అలాగే నిలిచిపోయింది. పిడి తిప్పితే ఎనిమిది వస్తుంది, కాము వెనక్కి పోతుంది. నాకు చెయ్యి రాలేదు. తిప్పకుండానే నొక్కాను, రోజూ, దాని మీదే. ఇప్పటి కెమెరాలైతే అలా నొక్కనివ్వవు. మన పెట్టెకి నిజంగానే బుద్ధి లేదు. నాకూ లేదు.

మొదటి ఆరింట్లో అది పరిగెత్తుతూనే ఉంది, మొహం సరిగా పడి ఉండదు. కదలకుండా నిలబడింది ఆ ఒక్కదాంట్లోనే. దాన్ని వెలుగు మీద వెలుగు పోసి నా చేతులతో నేనే తగలబెట్టుకున్నాను. మిగిలిన అయిదూ ఖాళీగానే తిప్పేసి రీలు బయటికి తీశాను. తిట్టు బిందూ, పడతాను.

నీ నరేంద్ర

---

చెన్నై,
ఆగస్టు 3

ప్రియమైన బావకు,

కడిగాను. నువ్వన్నట్టే ఆరింట్లోనూ పరుగే. ఒకదాంట్లో జడ, ఒకదాంట్లో మోకాలు. ఏడోది నెగెటివ్‌లో బొగ్గులా వచ్చింది. వెలుగు ఎక్కువైతే అక్కడ నలుపే కదా. అది చేత్తో పట్టుకుని ల్యాబ్‌లోనే కూర్చుని ఏడ్చాను. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను కూడా.

ఆ తరువాత లైటుకు పెట్టి చూస్తే నడుమ కొంచెం పలచగా కనిపించింది. ప్రింటు వేశాను. ఆకాశం లేదు, సముద్రం లేదు, ఇసుక లేదు, అంతా తెలుపే. పడవ మాత్రం మిగిలింది. తారు నలుపు బావా, నువ్వు ఎన్నిసార్లు నొక్కినా అక్కడినుంచి ఫిల్ము మీదికి వెలుగు పెద్దగా రాలేదు. ఆ నలుపు ముందు కాము నిలబడి ఉంది. నీ పెట్టెను చూసి నవ్వు ఆపుకుంటోంది. పై పెదవి మీద చెమట కూడా తెలుస్తోంది.

పాదాలు లేవు. ఇసుక మీద ఉన్నాయి కదా, నువ్వు రోజూ పోసిన వెలుగులో అవి పోయాయి. పోతే పోనీ.

ఈ బొమ్మను పోస్టులో వెయ్యను. ఆదివారం నేనే తెస్తున్నాను, నెల్లూరు బస్టాండుకు రా. కెమెరా తేవద్దు, ఒట్టి చేతులతో రా. మిగిలిన అయిదు ఖాళీలనూ రీలు నుంచి నేను కత్తిరించలేదు.

ఇంకొకటి, ఆదివారం దాకా కడుపులో దాచుకోలేక రాస్తున్నాను. పడవ అంచు గీత మీద గీత పడి చెదిరిపోయింది, నువ్వు పోయిన ప్రతి సాయంత్రానికీ ఒక గీత. కాము చుట్టూ మాత్రం గీత ఒక్కటే. అది అక్కడ ఒక్కసారే నిలబడింది.

నీ బిందు