ఇరవై నిమిషాల జనరేటరు

చిరంజీవి బావమరిదికి,
బావ ఆశీస్సులు.

నువ్వు క్వారీ ఉద్యోగమని కొండెక్కి నెల కాలేదు, నా పళ్ల వైద్యం ట్రెయిలరుకు నువ్వు బిగించిన జనరేటరు మంచాన పడింది. అక్కడ ఫోను పలకదు కాబట్టి ఈ ఉత్తరం మీ నీళ్ల లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. లక్షణాలు రాస్తాను, జాగ్రత్తగా చదువు.

మీట నొక్కగానే లేస్తుంది. ఇరవై నిమిషాలు ఆరోగ్యంగా తిరుగుతుంది. తర్వాత రెండు దగ్గులు, కాసిని ఎక్కిళ్లు, ఆపైన మౌనం. పావుగంట విశ్రాంతి ఇస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తుంది. నిన్న పోస్టాఫీసు గుమాస్తాగారి దవడ పన్ను సగం తొలిచాక ఆగిపోయింది. దీపం పోయింది. కుర్చీ వాలినచోటే ఉండిపోయింది. ఆయన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. మూసుకోమని చెప్పాలని నాకూ తోచలేదు.

ఇది నవ్వులాట కాదు. ఇరవై అయిదో తారీఖున బడి పిల్లలందరికీ పళ్లు చూడమని హెడ్మిస్ట్రెస్‌గారు పిలిచారు. ఆ రోజు సవ్యంగా జరిగితే ఏడాది పొడుగునా బడి ఆవరణలో ట్రెయిలరు నిలుపుకోవచ్చు. జరగకపోతే మా అన్నయ్య పళ్ల ఆసుపత్రికి తిరిగి పోవడమే. పదిహేనేళ్లు ఆయన పక్కన స్టూలు మీద కూర్చుని పనిముట్లు అందించాను. ఆ స్టూలు ఇంకా ఖాళీగానే ఉంచానని మొన్న రాశాడు. నాకు అక్కడికి పోవాలని లేదు.

ఇట్లు,
మీ బావ, పళ్ల డాక్టరు

తా.క. గుమాస్తాగారు ఇంటికి వెళ్లాక కూడా నోరు పూర్తిగా మూయడం లేదని వాళ్లావిడ కబురు పంపింది. సంతోషంగానో బాధగానో తెలియలేదు.

*

బావగారికి,
కొండ మీంచి నమస్కారాలు.

నేను చేసిన జనరేటరుకు జబ్బు రాదు. ఆకలి వేసి ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం అడుగుదాకా వెళ్లదు. అడుగున చేరే మడ్డి పీల్చకూడదని నేనే నాలుగు వేళ్లు ఎత్తులో ఆపాను. అందుకని పెట్రోలు అంతకన్నా తగ్గినా, ట్రెయిలరు ఒక పక్కకు ఒరిగినా గొట్టానికి దొరికేది గాలే. ముందు బండిని సమంగా నిలపండి. తర్వాత ట్యాంకు నింపండి. రోగం అక్కడితో సరి.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. అక్క ఏమంటోందో మీరు రాయలేదు. అంటే చాలానే అంటోందని అర్థమైంది.

*

బావమరిదికి,
నీ మందు వాడి చూసిన బావ ఆశీస్సులు.

పేషెంట్లు ఉమ్మే పళ్లెంలో నీళ్లు పోసి, నీళ్లు ఏ అంచుకూ తొణక్కుండా ఉండేదాకా బండిని సమం చేశాను. ట్యాంకు గొంతుదాకా నింపాను. ఇప్పుడు ఇరవై నిమిషాలు కాదు, పన్నెండు నిమిషాలకే ఆగుతోంది. తిండి పెంచితే నీరసం పెరిగే రోగిని నేను ఎక్కడా చూడలేదు.

ఈసారి కుర్చీలో ఉన్నది ఒక దర్జీ. చీకట్లో ఆయనా నేనూ ఎంతసేపని ముఖాలు చూసుకుంటాం. నాకు మాటలు రావని నీకు తెలుసు కదా, అయినా ఏదో ఒకటి మాట్లాడక తప్పలేదు. పావుగంట కాలరు కొలతల గురించి మాట్లాడుకున్నాం.

అన్నయ్య నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. స్టూలుకు కొత్త దిండు కుట్టించాడట.

మీ బావ

తా.క. బండి సమం చేయడానికి చక్రం కింద పెట్టింది మీ అక్క వంటగది పీట. అది కనబడక ఆమె రెండు రోజులుగా పక్కింటావిడతో మాట్లాడటం మానేసింది.

*

బావగారికి నమస్కారాలు.

నిండా పోస్తే తొందరగా ఆగడమేమిటో నాకు అంతుపట్టలేదు. అయినా బెంగ వద్దు. నిలవ పెట్రోలు జిగురు కట్టి ఉంటుంది. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి లోపల బాగా శుభ్రం చేయండి. దారిలో ఫిల్టరని వేలెడంత గాజు గొట్టం ఉంటుంది, దాన్ని మార్చండి. రబ్బరు గొట్టం ఎక్కడైనా చీలిందేమో వేలితో తడిమి చూడండి. ఇవన్నీ చేశాక కూడా ఆగితే నేను ఈ వృత్తి మానేస్తాను.

బావమరిది

తా.క. పీట సంగతి అక్కకు చెప్పేయండి. పక్కింటావిడ ఏం పాపం చేసింది?

*

బావమరిదికి బావ ఆశీస్సులు.

వృత్తి మానేసే సమయం వచ్చింది. ఇప్పుడది అసలు లేవడమే లేదు.

నీ తప్పేమో చూసుకో. శుభ్రం చేయమన్నావు. నా పనిముట్లు ఎలా శుభ్రం చేస్తానో ట్యాంకునూ అలాగే చేశాను. మూడుసార్లు మరిగే నీళ్లు పోసి కడిగాను. తర్వాత పుక్కిలించే గులాబీ రంగు మందు రెండు సీసాలు పోసి గంటసేపు నానబెట్టాను. ఒక్క సూక్ష్మజీవి బతికి ఉండదు. దాని మీదే కొత్త పెట్రోలు పోశాను. ఫిల్టరు మార్చాను, గొట్టం తడిమాను, చీలిక లేదు. మీట నొక్కితే పొగగొట్టంలోంచి లవంగం వాసన వస్తోంది తప్ప చప్పుడు రావడం లేదు.

బడికి ఇంక తొమ్మిది రోజులే. స్టూలు కలలోకి వస్తోంది.

మీ బావ

తా.క. పీట సంగతి చెప్పాను. మీ అక్క ఇప్పుడు పక్కింటావిడతో మాట్లాడుతోంది. నాతో మానేసింది.

*

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి కాసేపు రాళ్లు పగలగొట్టే మిషను పక్కకెళ్లి నిలబడ్డాను. ఆ చప్పుడులో మనిషి ఏమన్నా ఎవరికీ వినపడదు.

ఇక నేను చెప్పింది చెప్పినట్టే చేయండి, ఒక్క చుక్క ఎక్కువ వద్దు. ట్యాంకు విప్పి, అందులో ఉన్నదంతా పారబోసి, రెండు రోజులు ఎండలో బోర్లించండి. నీటి తడి పూర్తిగా పోవాలి. ఫిల్టరు మళ్లీ మార్చండి. ముప్పావు వంతు పెట్రోలు పోసి నడపండి. అది ఆగిన మరుక్షణం ట్యాంకు మూత మెల్లగా తిప్పి చెవి పెట్టి వినండి.

మీరు నింపినకొద్దీ తొందరగా ఆగిందన్నారు చూశారా, రెండు రోజులు అదే ఆలోచించాను. నూనె డబ్బాకు ఒక్క కన్నమే పెడితే నూనె సరిగా పడదు. లోపలికి గాలి పోవడానికి ఇంకోటి పెడతాం. మన ట్యాంకు మూతకు అందుకే సూది మొనంత కన్నం ఉంది. అది మూసుకుపోతే ట్యాంకుకు ఊపిరాడదు, పెట్రోలు వదలదు. మూత తిప్పగానే సుయ్యిమంటే అదే సంగతి. దుమ్మో పురుగుగూడో ఉంటుంది, సూదితో పొడిచేయండి.

బావమరిది

తా.క. సూదికి మత్తుమందు అవసరం లేదు.

*

బావమరిదికి,
తల దించుకుని రాస్తున్న బావ ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే ఎండబెట్టాను. లేచింది. ఇరవై నిమిషాలకు ఆగింది. మూత తిప్పగానే సుయ్యిమని గాలి పీల్చింది. మూతను దీపం కింద పెట్టి కన్నం కోసం వెతికాను. దుమ్ము లేదు, పురుగు లేదు. అసలు కన్నమే లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. నువ్వు ట్రెయిలరు అప్పగించిన సాయంత్రం నేను దాన్ని అంగుళం అంగుళం పరీక్షించాను. మూత నడినెత్తిన చిన్న కన్నం కనిపించింది. నువ్వు చూసుకోలేదనుకున్నాను. కన్నం కనిపిస్తే వదిలేయడం నా చేత కాదు. చుట్టూ తొలిచి, కడిగి, పళ్లలో నింపే సిమెంటుతో పూడ్చి, నున్నగా సానపట్టాను. చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

సూది దిగలేదు. నా పని అలాంటిది. దాన్ని తొలవాలంటే డ్రిల్లు కావాలి, డ్రిల్లుకు కరెంటు కావాలి, కరెంటుకు జనరేటరు కావాలి, జనరేటరుకు ఆ కన్నం కావాలి. చివరకు మూత తీసేసి, ట్యాంకు నోటికి గుడ్డ కప్పి, జనరేటరు నడుపుతూ లోపల కుర్చీలో దాని మూతకు రూట్ కెనాల్ చేశాను. ఇంత గట్టి ఫిల్లింగు నా జన్మలో చేయలేదు. ఆ మాట రాయడానికి కొంచెం గర్వంగానే ఉంది.

ఇప్పుడు రెండు గంటలుగా ఆగకుండా తిరుగుతోంది.

మీ బావ

తా.క. మీ అక్కకు అంతా చెప్పాను. విని, గోడకున్న నా డిగ్రీ వైపు చాలాసేపు చూసింది.

*

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మేం రోజూ కొండ తవ్వుతున్నాం, ఎలుక మాత్రం మీ దగ్గర దొరికింది. ఇక అది ఆగదు, రాసిపెట్టుకోండి. బడి రోజున పొద్దున మీట నొక్కి సాయంత్రందాకా దాని ముఖం చూడక్కర్లేదు.

బావమరిది

తా.క. ఇంజనుకు ఇంకో కన్నం ఉంది. దాన్ని పొగగొట్టం అంటారు. దయచేసి ముట్టుకోకండి.

*

బావమరిదికి,
బడి నుంచి ఇప్పుడే ఇల్లు చేరిన బావ ఆశీస్సులు.

నువ్వు రాసిపెట్టుకోమన్నట్టే అది ఆగలేదు. తొమ్మిదింటికి మీట నొక్కితే పదకొండుదాకా ఊపిరి తీసుకోకుండా తిరిగింది. దానితో పాటు నేనూ తిరిగాను. ఒక పిల్ల దిగకముందే ఇంకొకర్ని ఎక్కించాను. పనిలో పడి ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడలేదు. డ్రిల్లు చప్పుడు ఆవరణంతా వినిపిస్తోంది. ఏడోవాడు మెట్టెక్కనన్నాడు. ఎనిమిదో అమ్మాయి ఏడుపు అందుకుంది. తొమ్మిదోవాణ్ణి వెతకాల్సి వచ్చింది. పదకొండయ్యేసరికి మిగిలిన వరసంతా తరగతి గదుల్లోకి పోయి తలుపులు వేసుకుంది.

హెడ్మిస్ట్రెస్‌గారు ట్రెయిలరు ఎక్కి, మీ మిషను ఇవాళ ఆగడం లేదేమని అడిగారు. బాగుచేశామనీ ఇక ఆగదనీ గొప్పగా చెప్పాను. ఆవిడ ముఖం వాడిపోయింది.

"అది ఆగుతుందనే మిమ్మల్ని పిలిచాను డాక్టరుగారూ," అన్నారు. "ఈ కుర్చీ అంటే నాకు చిన్నప్పటినుంచీ ప్రాణభయం. మొదటివారం మీ దగ్గరకొస్తే మూడుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా మీరు ఏవో కబుర్లు చెప్పారు. నాలుగోసారి మొదలయ్యేసరికి నాకు భయం పోయింది. మా పిల్లలకూ అలాగే చేస్తారనుకున్నాను."

బావమరిదీ, పదిహేనేళ్లలో నా మాట వల్ల ఒకరికి ధైర్యం వచ్చిందని ఎవరూ చెప్పలేదు. సిగ్గుపడకుండా రాస్తున్నాను, నాకు కళ్లనీళ్లొచ్చాయి.

బయటికెళ్లి పెట్రోలు కవాటం నా చేత్తో కట్టేశాను. రెండు దగ్గులు దగ్గి ఆగింది. మెట్టు మీద కూర్చున్నాను. మొదట ఒక తలుపు తెరుచుకుంది, తర్వాత ఇంకోటి. నాకూ చిన్నప్పుడు పళ్ల డాక్టరంటే భయమేననీ, అన్నయ్య నన్ను మంచం కిందనుంచి కాళ్లు పట్టి లాగాడనీ చెప్పాను. పిల్లలు తెగ నవ్వారు. తర్వాత ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు. సాయంత్రంలోగా పదిసార్లు ఆపాను, పదిసార్లు కబుర్లు చెప్పాను, వరసంతా పూర్తయింది.

ఏడాదికి అనుమతి కాగితం ఇచ్చారు. "ప్రతి ఇరవై నిమిషాలకొకసారి జనరేటరు ఆగవలెను" అని అందులో షరతు రాసి సంతకం పెట్టారు. రానని అన్నయ్యకు ఉత్తరం రాశాను. మీ అక్క నా చేతిలోంచి లాక్కుని తనే వెళ్లి పోస్టు డబ్బాలో వేసి వచ్చింది.

ప్రేమతో,
మీ బావ

తా.క. జనరేటరు బాగైందని తెలిస్తే పిల్లలు మళ్లీ పారిపోతారు. అందుకని అది ఇంకా చెడిపోయే ఉందనీ, చేసినవాడికి పనే రాదనీ ఊరంతా చెబుతున్నాం. ఆ మాట మొదలుపెట్టింది మీ అక్కే. నీ పరువు పోకూడదని జనరేటరు డబ్బా మీద నువ్వు పెద్ద అక్షరాలతో రాయించుకున్న పేరు గీకేశాను. ఎవరైనా గట్టిగా అడిగితే, చేసినవాడు ముఖం చెల్లక కొండల్లోకి పారిపోయాడని చెబుతున్నాను.