బొంబాయిలో దిగుడు, ఎక్కుడు

ఏప్రిల్ 13, ఆదివారం

రాయకూడదనే అనుకున్నాను. పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసి... డెబ్బై దాటినవాడి రోజులో రాయడానికి ఏముంటుంది — మోకాలి నొప్పి, కరెంటు కోత. అయినా ఒక్క ముక్క రాయాలి. మా కొడుకు సుధాకర్ వస్తున్నాడు. మస్కట్‌లో సేటు చివరికి సెలవిచ్చాడు. శుక్రవారం మనవరాలి పెళ్లైతే గురువారం పొమ్మన్నాడట, మహానుభావుడు.

లక్ష్మికి ఫోన్ చేసి చెప్పాను. ఎల్లారెడ్డి నుంచి దాని గొంతు పొడిగా వచ్చింది. "వచ్చినంక చెప్పు బాపు. నీ అల్లుడు పోయిననాడు గూడ వస్తున్న అనే అన్నడు."

అల్లుడు పోయి మూడేళ్లు. తమ్ముడు రాలేదు. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. దాని మాట వాడికి, వాడి మాట దానికి చేరవేస్తూ మధ్యలో నేనొక సెల్ టవర్.

ఏప్రిల్ 14, సోమవారం

సుధాకర్ ఫోన్‌లో రెండు టికెట్ల బొమ్మలు పంపాడు. నేరుగా హైదరాబాద్ వచ్చే విమానం ధర చూస్తే నాకే కళ్లు తిరిగాయి. ఇవి చవక. మస్కట్ నుంచి బొంబాయి ఒక కంపెనీ, బొంబాయి నుంచి హైదరాబాద్ ఇంకో కంపెనీ. నడుమ రెండున్నర గంటలు.

"కొనకముందే అడుగుతున్న బాపు. టైం సరిపోతదా?"

నన్నడిగాడు! ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు కొట్టిన మనిషిని.

"దిగుడు, ఎక్కుడే గదరా. నడుమ బువ్వ గూడ తినొచ్చు," అన్నాను.

సికింద్రాబాద్ రైలు ఆలస్యమైతే కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బండిని ఆపిపెట్టేవాణ్ణి. డ్రైవరు హారన్ మోగిస్తూ తిట్టేవాడు. నేను వినపడనట్టు టికెట్లు లెక్కబెట్టుకునేవాణ్ణి. రైలు దిగి పరుగెత్తుకొచ్చే ప్రతి మొహమూ తెలిసిందే. ఒకసారి అత్తగారింటికి పోయే కొత్తల్లుడి కోసం ఆపితే, అతను రైలే ఎక్కలేదని తర్వాత తెలిసింది. బస్సంతా నన్ను తిట్టింది. అల్లుణ్ణి ఇంకా ఎక్కువ తిట్టింది.

ఎక్కడున్నాను... ఆఁ, కొనేశాడు.

ఏప్రిల్ 15, మంగళవారం

పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. లక్ష్మి బిడ్డ, మా కావ్యకు ఉన్నది ఒక్కడే. తండ్రి ఎలాగూ లేడు.

లక్ష్మి ఈ రోజు ఖరాఖండిగా చెప్పింది — "గంప ఎత్తుకుంటే నేనే తమ్మీ అని పిలుస్త. రాకపోతే మాత్రం నాకు తమ్ముడు లేడు. మల్ల నువ్వు నడుమ రావద్దు."

ఏప్రిల్ 17, గురువారం

మస్కట్‌లోనే గంటకు పైగా ఆలస్యం. పర్వాలేదులే అనుకున్నాను.

బొంబాయి నుంచి ఫోన్. "దిగిన బాపు. పాస్‌పోర్టు కాడ లైను... మన ఊరి జాతర లెక్కున్నది."

మళ్లీ ఫోన్. "సామాను కోసం నిలబడ్డ."

"నువ్వెందుకు తీసుకునుడు? వాళ్లే ఎక్కియ్యరా?"

"రెండు టికెట్లు గద బాపు. ఎవలిది వాళ్లదే. ఈడ తీసుకొని ఆడ మల్ల ఇయ్యాలె. రెండో విమానం ఈడ గాదు, ఇంకో బిల్డింగట. బస్సెక్కాలె."

ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను గడప దగ్గరే కూర్చున్నాను, విమానం మా వీధిలోంచి వెళ్తున్నట్టు.

చివరి ఫోన్. రెండో విమానంవాళ్లు సామాను తీసుకునే కౌంటరు మూసేశారు. విమానం ఇంకా కదలలేదట — నిలబడే ఉందట!

"అక్క బిడ్డ పెండ్లి అని చెప్పినవారా?"

"చెప్పిన. ఆలస్యం చేసినోళ్లనే అడగుమన్నది కౌంటర్ల పిల్ల. వాళ్ల కాడికి పోతే, బొంబాయిల దింపినం, మా పని అయిపోయిందన్నరు."

ఇద్దరూ నిజమే చెప్పారు. అదే ఒళ్లు మండేది. మోసం చేస్తే తిట్టవచ్చు.

రేపు మధ్యాహ్నం దాకా ఏ విమానంలోనూ సీటు లేదు. బస్సు పట్టుకుంటానన్నాడు. ఒకప్పుడు దుబాయి పోయేవాళ్లంతా బొంబాయి బస్సే ఎక్కేవాళ్లు, మెడలో పూలదండతో, ఒళ్లో మామిడికాయ తొక్కు డబ్బాతో. తొక్కు కారి పాస్‌పోర్టు ఎర్రబడినవాడొకడు... ఇప్పుడెందుకులే.

బస్సు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. ముహూర్తం పొద్దున.

లక్ష్మికి చెప్పాను. "టికెట్ చూసి సరిపోతదన్నది నేనే బిడ్డా."

"అది నీ బస్సు గాదు బాపు," అంది. పెట్టేసింది.

ఏప్రిల్ 18, శుక్రవారం

అయ్యగారు "మేనమామను పిలవండమ్మా" అన్నాడు. ఒకసారి. రెండోసారి కాస్త గట్టిగా.

నేను లేచాను. కండువా నడుముకు బిగించాను కూడా.

"కూసో బాపు. పిల్లను పడేస్తవ్," లక్ష్మి.

పెళ్లికొడుకు తరఫు ఎవరో ముందుకొచ్చి నేనెత్తుతాలెమ్మన్నాడు. లక్ష్మి అతని వైపు చూసింది. వెనక్కి తగ్గాడు.

కావ్య గంపలోంచి లేచి నిలబడింది. "నడుస్తనే అమ్మా. కాళ్లున్నయి గద." చీర కుచ్చిళ్లు పట్టుకుని నడిచే వచ్చింది. మేళం వాళ్లకు ఆపాలో వాయించాలో తెలియలేదు.

ఏప్రిల్ 19, శనివారం

నిన్నటి మిగతాది. సుధాకర్ వచ్చేసరికి పిల్లను అత్తగారింటికి, పిట్లం పంపించేశారు. ఫంక్షన్ హాల్లో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. వాడి చొక్కా చూస్తే నిలబడే ప్రయాణం చేసినట్టుంది.

"అక్కా," అన్నాడు.

లక్ష్మి వాడి వైపు చూడలేదు. వంటామెను పిలిచి, "అవ్వా, గాయన శాన దూరం నుంచొచ్చిండు. అన్నం పెట్టు," అంది.

గాయన! పరాయివాడిని అన్నట్టు.

తిన్నాడు. ఏడుస్తాడేమోనని నేను అటు చూడలేదు. వాడు పెరుగు కూడా వేయించుకున్నాడు.

ఏప్రిల్ 20, ఆదివారం

వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

ఏప్రిల్ 22, మంగళవారం

పొద్దున లక్ష్మి వచ్చింది. చెప్పకుండా, ఒక్కతే, ఎల్లారెడ్డి బస్సులో. సుధాకర్ ముందు గదిలో చాప మీద పడుకుని ఉన్నాడు. మోకాళ్లు ముడుచుకుని, చిన్నప్పుడు పడుకున్నట్టే. గుమ్మంలోనే నిలబడి చూసింది.

"లేపాలా?"

"వద్దు."

"లేచినంక చెప్పాల్నా, వచ్చినవని?"

లక్ష్మి మంచినీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వచ్చిన దారినే పోయింది.

వాడు లేచాడు. స్నానానికి వేణ్ణీళ్లు తోడి పెట్టాను. ఇంకా చెప్పలేదు.