అరగని టేపు

తమ్ముడికి అక్క దీవెనలు.

నీ మేనకోడలు క్లబ్బు జట్టులో చేరి మూడు నెలలైంది. ఎప్పుడడిగినా "బాగా ఆడుతున్నానమ్మా" అంటుంది. మొన్న సెలవుకు వచ్చినప్పుడు చూస్తే, వెళ్లేముందు దాని హాకీ కర్ర పిడికి నేను చుట్టిన టేపు చెక్కుచెదరలేదు. ఇక్కడ ఆడేటప్పుడు వారానికొకటి అరగదీసేది. అడిగితే "అక్కడి టేపు గట్టిదమ్మా" అంది. అది మన వీధి కొట్లో నేను కొన్నదే.

జట్టు బస్సు నడిపేవాడివి, నీకు తెలియకుండా ఉండదు. నువ్వూ "బాగా ఆడుతోంది" అనే రాశావు. ఇద్దరూ కూడబలుక్కున్నారేమో. అక్కడి వేగం అందుకోలేక మైదానంలోకే దిగడం లేదేమోనని నా భయం. అలాగైతే దాన్ని నేనేమీ అనను, దేవుడే సాక్షి.

కొత్త టేపు పంపుతున్నాను. జవాబు రాయక్కర్లేదు. నెల తిరిగాక అరిగిన టేపు పంపు, చాలు. నువ్వు గోడకు రుద్ది పంపకు. దాని చేతి చెమట వాసన నాకు తెలుసు.

నిన్ను నమ్మాలనే ఉన్న,
అక్క